అప్పకి చెప్పని ఆదివారాలు

ఆగిరిపల్లి.

అప్పకి,

తమ్ముడు సింహాచలం నమస్కారాలతో రాస్తున్నాను. నువ్వూ బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? నూనె రాయించుకోమంటే విసుక్కుంటున్నాడా? చిన్నది కాలేజీ బస్సు టైముకి లేస్తోందా? పలాసలో కూడా ఎండలు బాగా కాశాయని పేపర్లో చూశాను. నువ్వు మధ్యాహ్నం పూట బయట తిరగకు.

నేను బాగానే ఉన్నాను. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే కింద నీకు భయం వేసే సంగతులున్నాయి. భయం వేసినచోట ఆగి, మళ్ళీ ఈ వాక్యం దగ్గరికొచ్చి చదువుకో. బాగానే ఉన్నాను.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరం ఏటని అనుకుంటావు. ఫోన్లో నువ్వు అడిగిన వెంటనే నా నోటికి అబద్ధం వచ్చేస్తోంది అప్పా. రాసేటప్పుడు అంత తొందరగా రావడం లేదు. అందుకని రాస్తున్నాను.

జీడిపప్పు బట్టీ మూతపడి నేను ఇక్కడికి వచ్చినప్పుడు మామిడి కోతలు అప్పుడే మొదలయ్యాయి. ఇప్పుడు ఆఖరి కాయ కూడా అయిపోవచ్చింది. షెడ్డులో పని నాకు కొత్తగా అనిపించలేదు. అక్కడ గుండు పప్పూ బద్ద పప్పూ వేరుగా ఏరినట్టే ఇక్కడ కాయ ఏరాలి. పెద్దది ఒక ట్రే, చిన్నది ఒక ట్రే, మచ్చ ఉన్నది పక్కకి. లారీ ఎక్కేలోగా మెత్తబడిపోతాయనుకున్న పళ్ళు ఒక మూల పోస్తారు. సాయంత్రం వాటిని పనివాళ్ళు ఎన్నంటే అన్ని పట్టుకుపోవచ్చు. వద్దనేవాళ్ళు లేరు.

షుగర్ ఉన్నవాడు పోయిపోయి అలాంటి చోట పనికి కుదిరాడు చూడు.

మొదటి నెల నేను నీ మాట జవదాటలేదు. ఇది నిజం. పొద్దున్న చోడి జావ, మధ్యాహ్నం కొర్రన్నం, సొరకాయో బీరకాయో కూర, రాత్రికి రెండు పుల్కాలు. నువ్వు అట్ట మీద అంటించి ఇచ్చిన డాక్టరు కాగితం పొయ్యి పక్కనే పెట్టుకుని, అందులో ఉన్నదే వండుకున్నాను. కొలత గిన్నెతో కొలుచుకున్నాను. నీ మరదలు పోయాక నీ ఇంట్లో నాకోసం నువ్వు రెండో పొయ్యి మీద వేరే వంట చేసేదానివి కదా, అదంతా ఎంత పనో ఇక్కడ నాకు తెలిసింది.

వంట కష్టం కాలేదు. తినడం కష్టమైంది. షెడ్డులో ఒంటిగంటకి అందరూ గుండ్రంగా కూర్చుని క్యారేజీలు విప్పుతారు. ఒకరి కూర ఒకరు వేసుకుంటారు. మొదటి రోజు నాగమణి అని, కాయ ఏరడంలో అందరికంటే చెయ్యి తిరిగిన మనిషి, నాకు బెల్లం వేసిన మామిడికాయ పప్పు వెయ్యబోయింది. వద్దన్నాను. మర్నాడు వేరే ఆవిడ పులిహోర పెట్టబోయింది. వద్దన్నాను. మూడో రోజు నాగమణి నవ్వుతూనే అడిగింది.

“ఏంటండీ సింహాచలం గారూ, మా చేతి వంట మీకు నచ్చదా ఏంటి?”

“అబ్బే, అదేం లేదండీ. కడుపులో బాలేదు.”

షుగర్ అని చెప్పలేదు. మామిడి షెడ్డులో షుగర్ మనిషి ఎందుకని పంపించేస్తారేమోనని భయం. రోజూ కడుపు బాలేదని ఎంతకాలం చెప్తాను? నా డబ్బా పట్టుకుని షెడ్డు వెనక ట్రేల మీద కూర్చుని తినడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి వాళ్ళు పిలవడం మానేశారు. తప్పు వాళ్ళది కాదు.

నేనుండేది మేడ మీద గది. కింద ముందువైపు కిరాణా కొట్టు, వెనక ఇంటిగలవాళ్ళు. కొట్టు చూసుకునే ఆయన తల్లిని వీధి వీధంతా మామ్మగారనే పిలుస్తారు. నేనూ అంతే. డెబ్బై దాటినావిడ. నీతో ఫోన్లో “అప్పా, అప్పా” అని మాట్లాడుతుంటే విని, పాపం, మా నాన్నతో మాట్లాడుతున్నానని అనుకున్నారట. “మీ నాన్నగారు రోజూ ఫోన్ చేస్తారే, ఎంత ప్రేమో” అన్నారు. మా వైపు అక్కని అప్ప అంటామండీ అంటే ఎంతసేపు నవ్వారో. ఆ వారంలో నేను ఎవరితోనైనా నవ్వింది అదొక్కసారే.

ఇక అసలు సంగతి.

ఒక ఆదివారం. షెడ్డుకి సెలవు. కరెంటు లేదు. కింద కొట్టు మూసి వాళ్ళందరూ జి. కొండూరులో పెళ్ళికి వెళ్ళారు. ముందురోజు రాత్రి ఫోన్లో నీతో “ఉంటానప్పా” అన్నానే, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నా గొంతు నేను వినలేదు. మామ్మగారికి ఇద్దామని తెచ్చిన చిన్నరసాలు సంచిలో ఉన్నాయి. గదంతా అదే వాసన. ఒక్కటి తింటే ఏమవుతుందనుకున్నాను. ముచ్చిక తీసి, సొన పిండేసి, పంపు దగ్గర నిలబడి జుర్రుకున్నాను. రుచి చెప్పలేను. తిన్నంతసేపూ పక్కన ఎవరో ఉన్నట్టే ఉంది. టెంక పారేసేసరికి మళ్ళీ గదిలో నేనే. అందుకని రెండోది తీశాను. సంచి ఖాళీ అయ్యేదాకా తిన్నాను అప్పా. ఆరో, ఏడో.

సాయంత్రం నువ్వు ఫోన్ చేసి “ఏటి తిన్నావురా?” అన్నావు.

“పుల్కాలు, బీరకాయ కూర” అన్నాను.

“మా నాయనే” అన్నావు నువ్వు.

తర్వాతి ఆదివారం కూడా అంతే. ఆ తర్వాత వారం మధ్యలో కూడా. ఎలాగూ తప్పాను కదా, ఇంకొకటి తింటే మాత్రం ఏమని. రేపటినుంచి గట్టిగా ఉంటాననుకోవడం, మర్నాడు ఒక పూట పస్తు ఉండటం, పస్తు ఉన్నాను కాబట్టి సాయంత్రం మళ్ళీ తినడం. వేలికి సూది గుచ్చి చూసుకునే మిషను పెట్టెలో అడుక్కి తోసేశాను. తలుపేసుకుని తినేవాణ్ణి. తొక్కలు కాగితంలో చుట్టి దూరంగా పారేసేవాణ్ణి. నా గదికి ఎవరూ రారని తెలిసి కూడా.

ఇప్పుడు భయపడే చోటు. చెప్పులో మేకు లేచింది. గుచ్చుకున్నట్టు నాకు తెలియలేదు. ఎన్నిరోజులు అలా నడిచానో తెలియదు. ఒకరోజు పనినుంచి వచ్చి మెట్లెక్కుతుంటే కింద నుంచి మామ్మగారు కేకేశారు.

“ఆగండి బాబూ. మెట్ల మీద ఆ తడేంటి? రక్తం కాదూ?”

“కాదండీ, మామిడి రసం అయి ఉంటుంది.”

“నా ఇంట్లో యాభై ఏళ్ళు మామిడి వ్యాపారం జరిగింది. రసమేదో రక్తమేదో నాకు తెలీదా? కాలు చూపించు.”

అప్పటిదాకా మీరు అనే మనిషి నువ్వు అనేసింది. ఎడమకాలి చిటికెన వేలు పక్కన నల్లబడి ఉంది. నాకు నాన్న కాలు గుర్తొచ్చింది. ఆ కట్టు విప్పి కడిగేటప్పుడు నువ్వు చీర కొంగు ముక్కుకి చుట్టుకునేదానివి. కాలు తీసేశాక కూడా నాన్న లేని పాదం దురద పెడుతోందనేవాడు, నువ్వు దుప్పటి మీద గోకేదానివి. అవన్నీ చేసిన దానివి నువ్వు. అందుకే నీకు చెప్పలేకపోయాను.

మామ్మగారు కొడుకు చేత ఆటో పిలిపించి నూజివీడు ఆసుపత్రికి తానే తీసుకెళ్ళారు. డాక్టరు చూసి, “ఇంకో వారం ఆగుంటే వేలు ఉండేది కాదండీ” అన్నాడు. “తోడు ఎవరొచ్చారు?” అంటే మామ్మగారు లేచి, “నేనేనండీ” అన్నారు. “ఏమవుతారు?” “ఇంటిగలదాన్ని. నేనుంటాలెండి.”

మూడు రోజులున్నాను. ఫోన్ రిపేరుకి ఇచ్చానని మామ్మగారి కొడుకు ఫోన్ నుంచి నీకు చెప్పానే, అదే ఆ మూడు రోజులు. వేలు దక్కింది. పుండు మానింది. ఇన్సులిన్ వేసుకుంటున్నాను. నిన్న కూడా డాక్టరు చూశాడు, పర్వాలేదన్నాడు. మళ్ళీ రాస్తున్నాను, బాగానే ఉన్నాను.

రెండోరోజు మంచం పక్కన కూర్చుని మామ్మగారు అడిగారు, ఎన్ని పళ్ళు తినేవాడివి అని. చెప్పాను. మొత్తం చెప్పాను. ఆవిడ తిట్టలేదు.

“నాకూ షుగరే బాబూ. ఇరవై ఏళ్ళయింది. మా ఆయన పళ్ళు కొట్టుగదిలో మాగబెట్టేవారు. తలుపేసుకుని తినేదాన్ని. మా కోడలు టెంకలు లెక్కపెట్టి ఏడ్చేది.”

“మరి ఎలా మానేశారండీ?”

“మానెయ్యలేదు. మానేస్తానని ఒట్టేసుకున్నప్పుడల్లా ఇంకా ఎక్కువ తిన్నాను. డాక్టరు గారితోనే చెప్పుకున్నా, నా వల్ల కావట్లేదండీ అని. అప్పుడాయన అన్నారు, షుగర్ అదుపులోకొస్తే ఆదివారం ఆదివారం ఒక చిన్న చెక్క తినండి, ఆ పూట అన్నం అంతకంత తగ్గించుకోండి అని. అప్పట్నుంచీ పళ్ళెంలో పెట్టుకుని, పిల్లల మధ్య కూర్చుని తింటున్నా. ఆదివారం ఉందని తెలిస్తే బుధవారం అంత ఇది అనిపించదు.”

నేను కూడా మా డాక్టరుని అడిగాను. ముందు నెలరోజులు అసలు ముట్టుకోవద్దన్నాడు. తర్వాత అంకెలు చూసి, ఎంత ముక్కో వేలితో చూపించి సరేనన్నాడు. ఆ నెలరోజులు ఎలా గడిచాయో అడగకు. చేతుల్లోంచి రోజూ వందల పళ్ళు వెళ్ళేవి.

షెడ్డులో కూడా చెప్పేశాను. నాగమణి నా మీద గట్టిగా అరిచింది. “మా ఆయనకీ ఉందండీ షుగరు! ముందే చెప్తే మీకోసం చప్పటి పప్పు తెచ్చేదాన్ని కాదూ? ఇన్నాళ్ళూ మీకు పొగరనుకున్నాం.” ఉద్యోగం ఎవరూ తియ్యలేదు. ఇప్పుడు గుండ్రంలోనే కూర్చుంటున్నాను. అయితే కాయ అయిపోతోంది కదా, రోజుకొకరు తగ్గుతున్నారు. నిన్న నలుగురమే ఉన్నాం.

మొదటి ఆదివారం చెక్క మామ్మగారి వసారాలో తిన్నాను. బంగినపల్లి. ఆవిడ కోసి ఇచ్చారు. అది అయిపోయాక రెండోది కావాలనిపించింది. బాగా కావాలనిపించింది. ఆవిడ మిగతా పండు మనవల ముందు పెట్టేసి, వాళ్ళ బడి కబుర్లు ఎత్తుకున్నారు. నేను వింటూ కూర్చున్నాను. కోరిక పోయిందని రాయను. కూర్చోగలిగానంతే.

మొన్నటి ఆదివారం సంగతి కూడా రాసి ముగిస్తాను. మామ్మగారు ఉంగుటూరులో కూతురింటికి వెళ్ళారు, నెల దాకా రారు. కొడుకు వాళ్ళు కూడా ఊళ్ళో లేరు. వెళ్ళేముందు నా కోసం ఒక బంగినపల్లి ఇచ్చి వెళ్ళారు. మళ్ళీ అదే గది, అదే వాసన, కింద తాళం. పండు కోశాను. నా వంతు చెక్క పళ్ళెంలో వేసుకున్నాను. మిగతాది కత్తి పక్కన అలాగే ఉంది. పంపు వైపు చూశాను. తలుపు గడియ మీద చెయ్యి పడింది కూడా.

పళ్ళెంలోనే మొత్తం పండు పెట్టుకుని కిందికి దిగిపోయాను. మూసిన కొట్టు ముందు అరుగు మీద కూర్చున్నాను. విజయవాడ బస్సు కోసం ఒకాయన నీడకి వచ్చి నిలబడి ఉన్నాడు, నా వయసువాడే, భుజాన సంచి.

“కొంచెం తీసుకోండి” అన్నాను.

ఆయన అనుమానంగా చూశాడు. “ఎందుకండీ?”

“నాకు షుగరండీ. ఒక చెక్కే తినాలి. ఇదంతా నా ఎదురుగా ఉంటే తినేస్తాను.”

ఆయన నవ్వలేదు. సంచి దించి పక్కన కూర్చున్నాడు. ఇద్దరం తిన్నాం. “తియ్యగా ఉంది” అన్నాడు. “ఆఖరి కాయండీ” అన్నాను. టెంక కూడా ఆయనే శుభ్రంగా చీకేశాడు. బస్సు వచ్చింది, జేబురుమాలుతో చేతులు తుడుచుకుని ఎక్కేశాడు. పేరు నేనూ అడగలేదు, ఆయనా అడగలేదు. పైకొచ్చి రెండు గంటలాగి సూది గుచ్చుకుని చూసుకున్నాను. హద్దులోనే ఉంది. మిషను ఫోటో చిన్నదాని ఫోనుకి పంపాను, చూడు. ఇకనుంచి ప్రతివారం పంపుతాను.

చోడిపిండి అయిపోయింది. ఇక్కడ రాగిపిండి అని దొరుకుతుంది కానీ నువ్వు వేయించి ఆడించినట్టు ఉండదు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక రెండు కేజీలు పంపు. జీడిపప్పు పంపకు, ఎంత మంచిదైనా పంపకు. బావకి నా నమస్కారాలు, చిన్నదానికి ఆశీస్సులు, పక్కింటి పెద్దాయన్ని అడిగానని చెప్పు. నీ కాళ్ళకి ఇక్కడి నుంచే దణ్ణం పెడుతున్నాను, దీవించు.

ఈ ఉత్తరం చేరాక ఫోన్ చేసి తిట్టు అప్పా. నాన్న కాలు గుర్తుచేసి మరీ తిట్టు, పడతాను. తిట్టేసి వెంటనే పెట్టెయ్యకు. ఇంకాసేపు ఏదో ఒకటి మాట్లాడు.

నీ తమ్ముడు,
సింహాచలం