బిస్కెట్ ఫ్యాక్టరీ రోడ్డుకు అంచు కోరుతూ

రోడ్ల శాఖ ఇంజనీరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బిస్కెట్ ఫ్యాక్టరీకి పోవు రోడ్డుకు ఇరుపక్కల అంచు వేయించుట గురించి, మరియు మా అన్నయ్య మరణము తాలూకు కాగితంలో ఒక మాట మార్పించుట గురించి.

నేను సదరు ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేయువాడను. మా అన్నయ్య అక్కడే ఓవెన్ దగ్గర పని చేసేవాడు. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు బస్సు లేనందున పన్నెండేళ్లుగా ఇద్దరం సైకిళ్ల మీద పోవుచుంటిమి. ఈ దిగువ అంశములు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. సదరు రోడ్డుపై పాత తారు తీయకుండానే కొత్త తారు మూడుసార్లు వేసినారు. రోడ్డు పెరిగింది, పక్కనున్న నేల పెరగలేదు. సెలవు రోజున దర్జీ టేపు పట్టుకుపోయి పదకొండు చోట్ల కొలిచాను. తక్కువలో తక్కువ జానెడు దిగుడు ఉన్నది.

2. రెండేళ్ల క్రితం నేనిచ్చిన మొదటి అర్జీకి తమ కార్యాలయం వారు "సైకిళ్లవారు తెల్లగీతకు అవతల వెళ్లవలెను" అని జవాబిచ్చియున్నారు. తెల్లగీత రోడ్డు చివరి అంగుళం మీద వేసియున్నది. గీతకు అవతల రోడ్డు లేదు. జవాబు రాసిన గుమాస్తా గారికి ఈ సంగతి తెలిసియుండదు. ఆయనను తప్పు పట్టుట లేదు.

3. మా అన్నయ్య అజాగ్రత్తగా తొక్కే మనిషి కాదు. వెనక మడ్‌గార్డుకు ఎర్ర రేకు, హ్యాండిలుకు అద్దం బిగించుకున్నాడు. నాకు సైకిలు నేర్పింది కూడా అన్నయ్యే. అంచు పట్టుకుని పోతే పక్కనుంచి దూరిపోతారు, మూరెడు లోపలికి వచ్చి తొక్కు, వెనకవాడు నిన్ను చూసి బ్రేకు వెయ్యాలి అనేవాడు. హారన్లు మోగేవి. తిట్లు కూడా పడేవి. అన్నయ్య తల తిప్పకుండా తిన్నగా తొక్కేవాడు. చివరికి వెనకవాడే నిదానించేవాడు. పన్నెండేళ్లు అలాగే జరిగింది.

4. గత నెల పదిహేడవ తేదీన, కల్వర్టు దాటిన తరువాత, వెనుక నుండి లారీ వచ్చింది. ఎదుటి నుండి బస్సు వస్తున్నది. అన్నయ్య ముందు, నేను వెనుక. నేను అప్పటికే అంచుకు జరిగిపోయాను. లారీ హారన్ ఆపకుండా మోగిస్తూ నన్ను దాటింది. అన్నయ్య మూరెడు లోపలే ఉన్నాడు. లారీ నిదానించి ఉండేదేమో. అలా ఇప్పుడు అనిపిస్తున్నది. అప్పుడు భయం వేసింది. "అన్నయ్యా, పక్కకి తప్పుకో" అని అరిచాను. తప్పుకున్నాడు. ముందు చక్రం అంచు దిగింది. మనిషి రోడ్డువైపుకు పడ్డాడు.

లారీ డ్రైవరు దిగి వచ్చి రోడ్డు మీదే కూలబడ్డాడు. హారన్ కొట్టాను కదా అని నాతో మూడు నాలుగుసార్లు అన్నాడు. కొట్టావు అన్నాను. నా సీసాలో నీళ్లు అతనికిచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు.

మరణము తాలూకు కాగితంలో "సైకిలు తొక్కువాడు తనంతట తానే అకస్మాత్తుగా రోడ్డు దిగినందున" అని రాసియున్నారు. తనంతట తానే అనుట సరికాదు.

5. తదనంతరం తమ శాఖవారు "మెత్తని అంచు, జాగ్రత్త" అని బోర్డు పాతించినారు. కల్వర్టు పక్కన రెండడుగుల గట్టినేల ఉండేది. లారీ వచ్చినప్పుడు దిగి నిలబడుటకు దారి మొత్తానికి అదొక్కటే చోటు. బోర్డు అక్కడ పాతినారు.

6. కర్మకాండ అయిన మర్నాటి నుండి నేను షిఫ్టుకు పోవుచున్నాను. అదే రోడ్డు. ఆ చోటు వచ్చినప్పుడు ఏమనిపిస్తుందని తోటివారు అడుగుచున్నారు. ఏమీ అనిపించుట లేదు. పెట్టెలో వరుసకు పన్నెండు బిస్కెట్లు పెట్టాలి, పెడుతున్నాను. హారన్ మోగినప్పుడు మాత్రం నోరు గట్టిగా మూసుకుంటున్నాను.

కావున తమరు దయతలచి రోడ్డుకు ఇరుపక్కల మూడడుగుల మేర మొరం పోయించి రోలరుతో తొక్కించవలసినదిగాను, సదరు బోర్డును వెనక్కి జరిపించవలసినదిగాను, కాగితంలో "తనంతట తానే" అనుదానిని కొట్టివేయించి "వెనుకనున్న తమ్ముడు తప్పుకోమని అరచినందున" అని రాయించవలసినదిగాను ప్రార్థన. ఈ చివరిది తమ చేతిలో లేనిచో, ఎవరి చేతిలో ఉన్నదో తెలియజేసినా చాలును. సంతకానికి ఎప్పుడు రమ్మన్నా వస్తాను. మధ్యాహ్నం రెండు దాటితే ఖాళీగానే ఉంటాను.

మా గోడు ఇంతేనని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ప్యాకింగు విభాగం, మొదటి షిఫ్టు.

తా.క.: నా దస్తూరీ అర్థం కాలేదని మొదటి అర్జీని తమ ఆఫీసువారు రెండుసార్లు వెనక్కి పంపినారు. అందుకని దీనిని మా వదినతో సాపు రాయించాను. చిత్తు కాగితం ఆమె చేతికిచ్చి నేను గుమ్మంలో కూర్చున్నాను. నాలుగో అంశం దగ్గర పెన్ను ఆగింది. నేను అరిచిన సంగతి వదినకు అప్పటివరకు తెలియదు. ఇరవై మూడు రోజులుగా చెప్పడానికి నోరు రాలేదు. "నీ గొంతని గుర్తుపట్టాడా?" అని అడిగింది. పట్టే ఉంటాడన్నాను. "అందుకే తప్పుకున్నాడు. ఇంకెవరు అరిచినా జరిగేవాడు కాదు" అంది. తరువాత ఐదో అంశం రాసింది. నాలుగులో నేను చేసిన అక్షరదోషాలు రెండు ఉంటే ఆమే దిద్దింది.

ఈ తా.క. మాత్రం నా దస్తూరీ. అర్థం కాకపోతే వదిలివేయవచ్చును.