నా తోలు సగపాలుకు ఇయ్యలేదు

కర్నూలు ఆస్పత్రి డాక్టరు శివలీలమ్మకు, మైదుకూరు పక్క పల్లె నుంచి జ్ఞానమణి చెప్పి రాయించేది.

నా కాలి మీద ఐదేండ్ల పుండు మానాలని తొడ మీద తపాలా బిళ్లంత తోలు కోసుకున్నారు. పెంచి నాకే అతికిస్తామంటిరి. సరే అంటి. ఇప్పుడేమో రెండు అరచేతులంత పెరిగింది, సగం అతికిస్తాం, సగం మా దగ్గరే పెట్టుకుంటాం అని రాస్తిరి. మేకను సగపాలుకు ఇస్తే పుట్టినదాంట్లో సగం మేపినోళ్లది, నాకూ తెలుసు. తోలును నేను సగపాలుకు ఇయ్యలేదు. మొత్తం నాదని కాగితం రాసిస్తే తప్ప ఆపరేషన్‌కు రాను. ఫోన్ చేయొద్దు. ఫోన్‌లో చెప్పిన మాటను రేపు ఎవరికి చూపించాల?

ఇట్లు, వేలిముద్ర జ్ఞానమణి.

తా.క. దానికి మేత తక్కువ కాకూడదని బస్సులో రాగిసంగటి, నంజుకోను ఊరిబిండి పంపిస్తాండా.

* * *

జ్ఞానమణి గారికి నమస్కారం.

చర్మం మొత్తం మీదే. మీ కణాలనే ల్యాబ్‌లో పెంచాం. మొదట వేసింది అతుక్కోకపోతే మళ్లీ వేయడానికని సగం చల్లటి పెట్టెలో దాచాం. అది మా వాటా కాదు.

శుభం కోరుతూ, శివలీల.

తా.క. చర్మం సంగటి తినదు. మా వాచ్‌మన్ దావీదురాజు తిన్నాడు. ఊరిబిండి ఇంకొంచెం ఉందా అని అడుగుతున్నాడు.

* * *

డాక్టరమ్మకు జ్ఞానమణి రాయించేది.

దాచినామని ఒప్పుకున్నందుకు సంతోషం. దాచడమంటే ఏందో నాకు తెలీదనుకోవద్దు. మా పక్కింటి మహాదేవమ్మ నా కోడిపెట్టను వానకు తడుస్తాందని గంప కింద దాచింది. మూడు దినాలకు ఈకలు కనపడినాయి. మీ పెట్టెలోది ఎవరి కాలికి పోతాదో. నేను రాను. కాలు పోతే పోనీ.

వేలిముద్ర జ్ఞానమణి.

తా.క. ఈ ఉత్తరం రాస్తాండేది ఆ మహాదేవమ్మనే. ఈ వీధిలో ఉత్తరం రాయను, చదవను వచ్చింది నాకొక్కదానికే. అందుకని చెప్పింది చెప్పినట్టు రాసినా. కోడిని పిల్లి తినింది.

* * *

జ్ఞానమణి గారికి,

మీ చర్మం ఇంకొకరికి వేయలేం. వేసినా వాళ్ల ఒళ్లు ఒప్పుకోదు. ఇప్పుడు వేయడానికి సిద్ధం చేసిన సగం గురువారం దాకే బతుకుతుంది. ఇంకా ఆలస్యమైతే మోకాలి కింద కాలు తీసేయాల్సి వస్తుంది. దయచేసి రండి.

శివలీల.

తా.క. మహాదేవమ్మ గారూ, మీరైనా నచ్చజెప్పండి.

* * *

డాక్టరమ్మకు జ్ఞానమణి రాయించేది.

తోలు అతికించి నెలైంది. పుండు పూడింది. చర్చికి నడిచే పోతాండా. ఆ పొద్దు కాలు మీ చేతిలో ఉన్నిందని నోరు మూసుకున్నా, ఇప్పుడు అడుగుతాండా. గురువారానికి రాకపోతే నీ తోలంతా మహాదేవమ్మ మడమ పగుళ్లకు అతికిస్తాం అని రాస్తిరే, చదువుకున్న మనిషి రాసే మాటనా అది? అది వినబట్టే మొదటి బస్సు ఎక్కినా. నా తోలు తొక్కుకుంటా ఆమె వీధిలో తిరగడమా! మిగిలిన సగం మీద బీగం వేయండి.

వేలిముద్ర జ్ఞానమణి. రెండు కాళ్ల మీద నిలబడి వేసింది.

తా.క. మేడమ్, నచ్చజెప్పమంటిరి కదా. మీ ఉత్తరం మడిచిపెట్టి, ఆమెకు నచ్చేటట్టు చదివినా. నా మడమలకు ఒక్క పగులూ లేదు. ఆ కోడిని పిల్లి తినలేదు. జవాబులో నన్ను తిట్టినా ఫరవాలేదు, చదివి వినిపించేది నేనే కదా.