మా కల్లం మీద పడని వాన

మంగళవారం రాత్రి, మార్చి

మధ్యాహ్నం ఉరుములు వినగానే నాన్నా నేనూ కాయల మీద కప్పే పట్టాలు పట్టుకుని కల్లానికి పరిగెత్తాం. ఆరబోసిన మిరపకాయల మధ్య మా కూలీ సాగర్ చేతులు పైకెత్తి నిలబడి ఉన్నాడు. చుట్టూ కుండపోత వాన. మా కాయల మీద ఒక్క చుక్క కూడా లేదు.

"ఒరేయ్ అబ్బాయ్, నీ కాలు మంచిదిరా! కోతలయ్యేదాకా ఎక్కడికీ పోమాక!" అన్నాడు నాన్న.

మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. అనుమానం కూడా నాకొక్కదానికే. సాగర్ కూలికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. కాయలు ఏరిన చేత్తోనే కళ్ళు నులుముకుంటాడు, మంట పుట్టదు. ఎవరివి నువ్వు అని ఇన్నాళ్ళూ అడగలేదు. అడిగితే వెళ్ళిపోతాడేమోనని భయం.

గట్టు అవతల మస్తాన్ బాబాయి కల్లంలో కాయలు నీళ్ళలో తేలుతున్నాయి. బాబాయి వాటిని దోసిళ్ళతో ఎత్తుతూ ఏడుస్తున్నాడు.

నాన్న అటు వెళ్ళగానే అడిగాను. "మా వానని బాబాయి మీదికి తోశావా?"

"ఎక్కడో ఒకచోట పడాలిగా" అన్నాడు సాగర్. "నీ కోసమే చేశా."

ఆ మాటకు నాకు కోపం రావాల్సింది. ముందు సంతోషం వేసింది. అది తలుచుకుంటేనే నిద్ర పట్టడం లేదు.

రేపు కూడా వానేనట. అతన్ని వద్దంటానో, చూస్తూ ఊరుకుంటానో...