కూజా దాచకండి

అత్తయ్యా,

నేను కుట్టుపనికి వెళ్తున్నాను. బాబు లేవగానే మందు వేయండి, నీళ్లు అడిగినన్నిసార్లు ఇవ్వండి. పక్క తడుపుతున్నాడని మీరు కూజా అటక మీద పెడితే, వాడు పొద్దున బకెట్లో మూతి పెట్టి తాగాడు. నా ఒళ్లు మండిపోయింది. వాడిది మొండితనం కాదు, పుట్టుకతో వచ్చిన జబ్బు. కిడ్నీలు నీళ్లను పట్టి ఉంచలేవు, దాహంతో ఉంచితే ఇంకా పాడవుతాయని డాక్టరమ్మ మీ ఎదుటే చెప్పింది కదా! "మా వంశంలో లేదు" అని ఇంకోసారి అనకండి. ఇది అమ్మ నుంచీ నాన్న నుంచీ కలిసి వచ్చేదట. అందులో ఎవరి తప్పూ లేదు. కూజా దాచడం మాత్రం మీ తప్పే.

దుప్పటి నేనొచ్చి ఉతుకుతాను. కూజా దించి వాడి మంచం పక్కనే పెట్టాను. మళ్లీ దాచాలని స్టూలెక్కారో, ఊరుకోను. అసలే మీకు నడుం నొప్పి.