గట్టు పక్క రెండు సాళ్ళు

యాలాల్,
15 జనవరి 1968.

ప్రియమైన బిడ్డ ఎస్తేరుకు,

ప్రభువు నీ గది గడపలో కూడా కాపలా ఉండాలని రోజూ అడుగుతూ అమ్మ రాస్తున్న ఉత్తరం. మేమిద్దరం బాగున్నాం. రాజేంద్రనగర్‌లో చలి ఎక్కువని రాశావు. పెట్టె అడుగున నా ఉన్ని శాలువా ఉంది, పాతదని సిగ్గుపడక కప్పుకో. వ్యవసాయం చదివే ఆడపిల్లలకు కూడా చలి వేస్తుంది.

ఇక నువ్వు ఎదురుచూస్తున్న సంగతి. కంది కోత, నూర్పిడి అయిపోయాయి. వేసవిలో నువ్వు తాడు పట్టి, గూటాలు కొట్టి, రెండెకరాల చేనును సగానికి పంచి పోయావు కదా, ఒక ఎకరంలో మీ నాయిన విత్తనం, ఒక ఎకరంలో మీ కాలేజీ విత్తనం వేయాలని. గూటం ఒక్కటీ కదలలేదు. ఆయన ఎకరంలో మూడు బస్తాలు, నీ ఎకరంలో ఐదు!

విత్తేనాడు మీ నాయిన ఏమన్నాడో అప్పుడు రాయలేదు. కాగితం మీద రాస్తే కంది కాస్తదా, గా పిల్ల ఓడిపోయి ఏడ్సుకుంట వస్తది చూడు అన్నాడు. ఇప్పుడేమో తాండూరు బస్సులో పక్కవాడికి ఐదు వేళ్ళూ చూపించందే దిగడు. గంజి బజారులో ధాన్యం కొనే ఆడ్తి సేటు, యోబూ, గింత మంచి కంది యాడిది అని అడిగితే, మా బిడ్డది, బీయస్సీది అన్నాడట. అదేదో కంది రకం అనుకుని సేటు బస్తా మీద బీయస్సీ అని రాయించాడు.

భీమయ్య అన్న, మొగులప్ప వచ్చే ఏడు ఇంటి విత్తనం వదిలేసి నీదే వేస్తామంటున్నారు. గొర్రెల బీరప్ప కూడా నిన్ను అడిగాడు. కల్లంలోకి వచ్చి కుంచెడు కందులు తీసుకుపోయాడు. మీ నాయినే కొలిచి పోశాడు.

నిన్న గుడిలో కోత పండుగ. అందరూ గంపలతో వచ్చారు, నేను చిన్న మూటతో వెళ్ళాను. మీ నాయిన అందరి ముందే, ఐదు బస్తాలిచ్చిన దేవునికి గింతనా మార్తా, జర సిగ్గుపడు అన్నాడు. మొగులమ్మ వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను మూట పెట్టి వచ్చి కూర్చున్నాను.

ఈ కంది మీద నీ రిపోర్టు నెలాఖరుకు ఇవ్వాలని, బాగుంటే మీ సారు అందరి ముందు చదివిస్తారని రాశావు. ఎంత పని ఉన్నా వాక్యం చదువుకో, అన్నం మానకు.

నీ పేరు చెప్పి మోకరించే
అమ్మ, మార్త.

తా.క.: పైదంతా మీ నాయినకు చదివి వినిపించాను. మురిసిపోతూ బయటికి వెళ్ళాడు. ఇది ఆయన విననిది.

నువ్వు గూటాలు కొట్టి వెళ్ళిన వారానికి, వానలకు ముందే, ఆయన ఎరువు కోసం బీరప్ప మందను నీ ఎకరంలో మూడు రాత్రులు పెట్టించాడు. తన ఎకరంలో ఒక్క గొర్రెనూ అడుగుపెట్టనివ్వలేదు. కలుపు తీసేటప్పుడు నీ వైపే పెంటికలు కనిపించి అడిగాను. బిడ్డ ఓడిపోతే ఎట్ల మార్తా, అంతమంది మొగపిల్లల నడుమ నవ్వులపాలైతది అని తల దించుకున్నాడు. నీకు రాయొద్దన్నాడు. నేను సరే అనలేదు, ఊరుకున్నాను. ఆయన మీద కోపం పెట్టుకోకు.

మీ సారుకు ఉన్నది ఉన్నట్టు రాయి. భీమయ్య అన్నకు, మొగులప్పకు నేను చెప్తాను.

ఇంకొకటి కూడా రాయి. గట్టు వెంట రెండు సాళ్ళు రెండెకరాల పొడుగునా పోతాయి, సగం ఆయనవి, సగం నీవి. మంద అక్కడిదాకా రాలేదు, బీరప్ప మంద చుట్టూ కట్టిన కంచె ఇవతలే ఆగింది. ఆ సాళ్ళను నేనే వేరుగా కోసి, వేరుగా కొట్టి, కొలిచాను. ఆయనవి తొమ్మిది సేర్లు. నీవి పదకొండు.

గుడిలో పెట్టిన చిన్న మూట ఆ పదకొండు సేర్లే.