ఇంకొక్క ముద్ద

నాయనా,

నీకు షుగరు వచ్చిందంట, ఏం తినాలో రాసి పంపమన్నావంట. అమ్మ చెప్పింది. ఫోనులో అయితే మధ్యలోనే పెట్టేస్తావని ఉత్తరం రాస్తా ఉండాను.

తిరుపతిలో నా జిమ్ముకు వచ్చే ఆడోళ్ళందరికీ నేనే రాసిస్తాను. నీకు రాయబోతే నువ్వు నాకు పెట్టిన తిండే గుర్తొచ్చింది.

చిన్నప్పుడు సినిమాల్లో బొద్దుగా ఉండే బూరె పాపను నేనే గదా. సన్నబడితే వేషం పోతాదని, షూటింగుకు ముందు నెయ్యన్నం కలిపి నువ్వే పెడతా ఉంటివి. చాలు నాయనా అంటే ఇంకొక్క ముద్ద అంటివి. కక్కుకుంటే మూతి తుడిచి మళ్ళీ పెడితివి. తెర మీద నేను నడస్తా ఉంటే హాలంతా నవ్వింది. నువ్వూ నవ్వినావు.

పెద్దయినాక ఎవురూ పిలవలేదు. ఆ ఒళ్ళు మాత్రం నాకు మిగిలింది. దాన్ని కరిగించుకునేదానికి నా వయసంతా పోయింది. ఇప్పుడు మన పుత్తూరు బస్టాండులో నా జిమ్ము పేరుతో ఫ్లెక్సీ కట్టించి, దాని మీద ఆ బూరె పాప ఫొటోనే వేయించినావంట. నేనొచ్చేలోగా పీకించెయ్.

ఆదివారం వస్తాను. రాగి సంగటి, ఆకుకూర నేనే వండి పెడతాను. భయపడబాక. నువ్వు చాలంటే నేను ఆపేస్తాను.

నీ కూతురు