ఊటకు కాగితం లేదు

కొరిన్ అక్కకి,

మీ పక్కన నేను కొనాలనుకున్న ఇల్లు పోయింది. ముసలి రాండల్ నిన్న బోస్టన్‌వాళ్లకి అమ్మేశాడు. ఊళ్లో ఇళ్లమ్మే ఏజెంటువి నువ్వే, ఈపాటికి తెలిసే ఉంటుంది. అయినా నీతో చెప్పుకుంటే తప్ప నా కడుపుమంట చల్లారదు.

మన బ్యాంకు హార్లన్‌ దగ్గర లోన్ తీసుకుంటానంటే వద్దన్నావు. "వాడొట్టి తాబేలే! అరిజోనా లోన్ కంపెనీ అయితే ఫోన్లోనే ఇచ్చేస్తుంది" అన్నావు. నమ్మాను. రిజిస్ట్రేషన్ ముందురోజు అక్కణ్ణించి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"ఈ ఇంటికి నీళ్లెక్కణ్ణించి మేడమ్?"

"పై పొలంలో ఊట ఉంది. అక్కణ్ణించే గొట్టాలు, ఈ ఇంటికీ, పక్కన మా అక్కవాళ్లింటికీ."

"హక్కు కాగితం ఉందా?"

"కాగితమేంటమ్మా! తాతల నాడు చేతిలో చెయ్యేసుకుని అనుకున్న మాట."

నవ్వింది. లోన్ లేదంది. హార్లన్ ఆ నీళ్లు తాగి పెరిగినవాడు, ఆ ప్రశ్నే వేసేవాడు కాదు. విడాకులయ్యాక నాకంటూ ఒక గుమ్మం, పక్కనే నువ్వు, అంతే కదా నేను కోరుకున్నది! అంత దూరం ఎందుకు పంపావక్కా?

నీ డెల్ఫీన్

డెల్ఫీన్,

అడిగావు కాబట్టి చెప్తున్నా. కాగితం లేదని వాళ్లు తిప్పికొడతారని తెలిసే పంపాను. హార్లన్‌ దగ్గరికి వెళ్లుంటే ఇల్లు నీదయ్యేది. నువ్వొస్తున్నావంటే చాలు, మీ బావ కర్టిస్ చొక్కా మార్చుకుంటాడు. ఇన్నేళ్ల కాపురంలో నా కోసం ఒక్కసారి తల దువ్వుకున్న పాపాన పోలేదు. రోజూ కంచె అవతల నీ ఇకఇకలు వినే ఓపిక నాకు లేదే. ఏడుపయ్యాక ఇంకో ఊళ్లో ఇల్లు చూసుకో. కావాలంటే నేనే చూపిస్తా.

కొరిన్

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండ్రోజులు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని తాబేలు దగ్గరికి వెళ్లాను.

రాండల్ ఇల్లయితే అమ్మాడు గానీ, పై పొలం తన దగ్గరే ఉంచుకున్నాడు. హార్లన్ లోన్ ఇచ్చాడు, అది నేను కొనుక్కున్నాను. ఊట అందులోనే ఉంది. ఉండడానికి చక్రాల ఇల్లు, ట్రైలర్ ఒకటి తెచ్చి దాని పక్కనే పెట్టుకున్నాను. బోస్టన్‌వాళ్లు మర్యాదగా వచ్చి అడిగారు, నీటి హక్కు రాసిచ్చాను. నీకేమైనా కాగితం ఉందా అని హార్లన్‌ని వెతకమన్నాను. లేదట.

మీ గొట్టం ఈ పొద్దున్నే కోయించేశాను. అరిజోనావాళ్లకి ఫోన్ చేసి చూడు, ఏమైనా చెప్తారేమో.

బావ చొక్కాలు ఉతకాల్సి వస్తే ఆయన్నే పంపించు. ఇక్కడ నీళ్లకేం కొదవలేదు.

డెల్ఫీన్